వెనక నేల లేనివాళ్లు



మా మాస్టారి స్మారకోపన్యాసం చెయ్యమని అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. ఎనిమిదో తరగతిలో ఆయన నల్లబల్ల మీద వేసిన ఒక తీసివేత లెక్క ఇన్నేళ్లుగా నా వెంటే ఉంది. పైన 33,768 అని వేశారు. కింద 30,971. మొదటిది 1941 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల జనం. రెండోది 1951లో అదే దీవుల జనం. తీసివేస్తే 2,797. "దేశం మొత్తం మీద జనం పెరిగారు. ఇక్కడ ఎందుకు తగ్గారర్రా?" అని అడిగి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, మా మొహాలు చూస్తూ నిలబడ్డారు. ముందు బెంచీలోంచి ఒకడు లేచి, "సముద్రం ముంచేసిందాండీ?" అన్నాడు. మాస్టారు నవ్వలేదు. "సముద్రం పాపం లేదురా, మనుషులే" అన్నారు.

గంట కొట్టారు. తర్వాతి పీరియడ్ కోసం బల్ల తుడవడానికి క్లాసు లీడరు డస్టరు తీసుకుంటే, "ఆ ఒక్క మూలా ఉండనీరా" అన్నారు.

ఆయన ఆ లెక్క ఎందుకు వేశారో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. మాస్టారి చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు ఆయనకు పదేళ్లు. వాళ్ల నాన్నగారు ఎడ్లబండి మాట్లాడి, బియ్యం బస్తా, వంటసామాను, పిల్లల్ని ఎక్కించి అమ్మమ్మగారి ఊరికి దారి తీశారట. ఆ బండి ప్రయాణం గురించి చెప్పినప్పుడల్లా మాస్టారు ఒక మాట అనేవారు: "మాకు వెనక నేల ఉంది కాబట్టి పోయాం. మా మీద బాంబులు పడడానికి రెండు వారాల ముందే అండమాన్‌లో వాళ్లు దిగిపోయారు. ఆ జనానికి వెనక ఏముంది?"

ఈ ప్రశ్నే నా ఉపన్యాసం. 1942 మార్చి 23 నుంచి 1945 అక్టోబర్ 7 దాకా, మూడేళ్ల ఆరున్నర నెలలు, అండమాన్ నికోబార్ దీవులు జపాన్ సైన్యం చేతిలో ఉన్నాయి. భారతదేశంలో భాగమైన నేల అంతకాలం జపాన్ గుప్పిట్లో ఉండడం అక్కడ తప్ప మరెక్కడా జరగలేదు. అక్కడ చనిపోయినవాళ్లను మనం సరిగా తలుచుకోలేదని, అలా తలుచుకోకపోవడానికి మనకొక కారణం ఉందని, ఆ కారణాన్ని దాటాలని చెప్పడానికి నిలబడ్డాను.

ఎవరి ఊరు?

పోర్ట్ బ్లెయిర్ అనగానే మనకు సెల్యులార్ జైలు గుర్తొస్తుంది. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో బ్రిటిష్ వాళ్లు అక్కడ ఖైదీల వలస పెట్టారు. 1906 నాటికి ఏడు రెక్కల జైలు పూర్తయింది. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం వీరుల్లో కొందరిని కూడా ఆ దీవులకే పంపారు. అందుకే తెలుగునాట కాలాపానీ అంటే మన పుస్తకాల్లో జైలే కనిపిస్తుంది.

అయితే జైలు చుట్టూ ఒక ఊరు పెరిగింది. శిక్ష పూర్తయిన ఖైదీలు అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, పొలాలు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఆ పిల్లల్ని "లోకల్ బోర్న్" అన్నారు. పంజాబీ తండ్రి, బెంగాలీ తల్లి, ఇంట్లో హిందుస్తానీ; కులం గోత్రం అడిగే చుట్టం దగ్గర్లో లేడు. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత పంపిన మాప్పిళ్లలు ఉన్నారు. బర్మా నుంచి 1925లో వచ్చిన కరెన్‌లు ఉన్నారు. వీళ్లందరికంటే వేల ఏళ్ల ముందు నుంచీ ఆ అడవులు తమవైన గ్రేట్ అండమానీలు, ఓంగేలు, జారవాలు, సెంటినలీలు ఉన్నారు. దక్షిణాన నికోబారీలు ఉన్నారు. 1941 లెక్కలోని 33,768 అంటే ఈ మనుషులు.

వాళ్ల బియ్యం ఓడలో వచ్చేది. ఉప్పు, బట్ట, మందు, ఉత్తరం అన్నీ ఓడలోనే. రేవుకి ఓడ రావడం ఆగితే ఎన్నాళ్లు తినగలరన్నది గోదాములో ఉన్న బస్తాల లెక్క. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగిన సగం కథ అర్థమవుతుంది.

దిగిన రోజు

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్ పోయింది. రంగూన్ పోయాక అండమాన్‌ను కాపాడడం సాధ్యం కాదని బ్రిటిష్ ప్రభుత్వం తేల్చుకుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉంచిన సైన్యాన్ని ఓడల్లో వెనక్కి తెచ్చుకుంది. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్, మరికొందరు అధికారులు ఉండిపోయారు. జనమూ ఉండిపోయారు. సైన్యానికి ఓడ దొరికింది. ఎనభై ఏళ్లుగా తాము తెచ్చి దింపిన మనుషుల కోసం ఓడ రాలేదు. ద్వీపవాసుల బాధకు జపాన్‌ను తప్పుపట్టే ముందు ఈ మొదటి తప్పు కూడా చెప్పుకోవాలి.

మార్చి 23న జపాన్ సైనికులు దిగారు. ఎదురు కాల్పులు లేవు. జైలు తలుపులు తెరుచుకున్నాయి. ఆసియా వాళ్లు వచ్చారు, తెల్లదొరల పీడ పోయిందని సంతోషించినవాళ్లూ ఉన్నారు. ఆ సంతోషాన్ని ఇవాళ మనం తప్పుపట్టకూడదు. సంకెళ్లు చూసిన కళ్లకు తలుపు తెరిచినవాడు ముందు మిత్రుడిగానే కనిపిస్తాడు.

కొద్ది రోజుల్లోనే ఆ సంతోషం చచ్చిపోయింది. ఇళ్లలో చొరబడి కోళ్లు పట్టుకుపోతున్న సైనికుల మీద జుల్ఫికర్ అలీ అనే కుర్రాడు ఎయిర్‌గన్ పేల్చాడు. పిట్టల్ని కొట్టే తుపాకీ. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దానికి ఇళ్లు తగలబెట్టారు. ఆ కుర్రాణ్ని అప్పగించేదాకా వదల్లేదు. అందరూ చూస్తుండగా చేతులు విరిచి, కాల్చి చంపారు. ఆ తర్వాత బ్రిటిష్ అధికారి మేజర్ బర్డ్‌ను వేగు అని నేరం మోపి అందరి ముందూ తల నరికారు. ఊరంతటినీ పిలిచి చూపించిన చావులు అవి. మాట్లాడితే ఏమవుతుందో ఊరికి చెప్పడానికి అంతకంటే చాటింపు అక్కర్లేదు.

ఒక పేరు చెబితే

దీవుల్ని పట్టుకోవడంలో జపాన్ లెక్క స్పష్టం. రంగూన్‌కి వెళ్లే సముద్రదారిని కాచుకోవడానికి, బంగాళాఖాతం మీద కన్నేయడానికి అండమాన్ ఒక కావలి గట్టు. కాని ఆ గట్టుకి వచ్చే ఓడలు బ్రిటిష్ జలాంతర్గాముల చేతిలో మునగడం మొదలైంది. విమానదాడులు సరిగ్గా గురి చూసినట్టు పడేవి. జపాన్ అధికారులకు ఒకటే అనుమానం: ఊళ్లో ఎవరో వైర్‌లెస్‌లో కబురు పంపుతున్నారు.

వేగులు నిజంగానే ఉన్నారు. అంతకు ముందు అక్కడ పోలీసు అధికారిగా పనిచేసిన డెనిస్ మెకార్తీ 1943 జనవరిలో చిన్న దళంతో జలాంతర్గామిలో వచ్చి, రహస్యంగా దిగి, అడవుల్లో తిరిగి సమాచారం సేకరించాడు. ఆ తర్వాత కూడా అలాంటి దళాలు వచ్చాయి. ఊళ్లో బడిపంతులుకి, గుమాస్తాకి, డాక్టరుకి, దుకాణదారుకి ఆ దళాల సంగతి తెలియదు. పట్టుకున్నది మాత్రం వీళ్లనే.

ఆ యంత్రం ఎలా తిరిగిందో అర్థం చేసుకోవాలి. ఒకణ్ని సెల్యులార్ జైలుకి తీసుకుపోతారు. తెలియనిదాన్ని చెప్పమంటారు. నీళ్లు పట్టిస్తారు, నిప్పుతో కాలుస్తారు, తలకిందులుగా వేలాడదీస్తారు. ఒక పేరు చెబితే ఆ రాత్రికి దెబ్బలు ఆగుతాయి. అతను ఎవరిదో ఒక పేరు చెప్తాడు. మర్నాడు ఆ పేరు గల మనిషి వస్తాడు. అతనూ ఒక పేరు చెప్తాడు. ఇలా ఊరు ఊరంతా ఒక కేసు అయింది. ఒక గూఢచారి కేసు ముగిసేసరికి ఇంకొకటి తయారయ్యేది. పక్కింటివాడు తన పేరు చెప్పాడేమోనని పక్కింటివాడు భయపడే ఊళ్లో పలకరింపులు కూడా ఆగిపోతాయి. తుపాకీ చేసిన గాయం కంటే ఈ గాయం ఎక్కువ కాలం ఉంటుంది.

ఇదే విశాఖలోనో కాకినాడలోనో అయితే ఒక రాత్రి ఎవడో ఒకడు పొలాలకు అడ్డంపడి పక్క జిల్లాకు పారిపోయేవాడు. ఒక ఉత్తరం మద్రాసు పత్రికకు చేరేది. అండమాన్ నుంచి మన తీరానికి పన్నెండు వందల కిలోమీటర్ల నీళ్లు. ద్వీపానికి గోడ కట్టనక్కర్లేదు. అందుకే అక్కడ జైలు కట్టారు. ఆ కారణం వల్లే జైలు బయట ఉన్న ఊరు కూడా జైలయింది.

జెండా, గది

ఈ చీకట్లో ఒక మనిషిని ప్రత్యేకంగా తలుచుకోవాలి. డాక్టర్ దివాన్ సింగ్. పంజాబీ కవి, సైనిక వైద్యుడు. 1897లో పుట్టారు. 1927లో రంగూన్ నుంచి బదిలీ మీద పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. 1938లో "వగదే పాణీ" అనే కవితా సంపుటి వేశారు. ప్రవహించే నీళ్లు అని దాని అర్థం. ఆక్రమణ కాలంలో ఆయన, జపాన్ అండతో స్వాతంత్ర్యం కోసం పనిచేసిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక శాఖకు నాయకుడు. జపాన్ వాళ్లతో మాట్లాడగలిగే చోట ఉంటే కొందరినైనా కాపాడొచ్చని ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నారు. సైనికుల కోసం తెచ్చిన స్త్రీలను ఉంచడానికి గురుద్వారా ఖాళీ చెయ్యమన్నప్పుడు కుదరదన్నారు. పరాయి సైన్యం కింద బతికే పెద్దమనిషికి ఎప్పుడో ఒకప్పుడు ఆ ఘడియ వస్తుంది. అప్పటిదాకా నెమ్మదిగా మాట్లాడినవాడు ఒక చోట ఆగి, ఇక దాటను అంటాడు.

1943 అక్టోబర్‌లో ఆయన్ని సెల్యులార్ జైలులో పెట్టారు. ఎనభైరెండు రోజుల చిత్రహింస తర్వాత 1944 జనవరి 14న చనిపోయారు.

ఆ ఎనభైరెండు రోజుల మధ్యలో, 1943 డిసెంబర్ 29న, నేతాజీ సుభాస్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. మర్నాడు జిమ్‌ఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశారు. దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. విడుదలైన భారత భూమి మీద స్వతంత్ర ప్రభుత్వాధినేత ఎగరేసిన జెండా అని మనం చదువుకున్నాం. నేనూ ఆ పాఠం పిల్లలకు చెప్పాను, చెప్పినప్పుడల్లా ఒళ్లు గగుర్పొడిచింది. ఆ గర్వాన్ని ఈ వేదిక మీద నేను వెనక్కి తీసుకోవడం లేదు.

కాని ఆ జెండా ఎగిరిన రోజున దివాన్ సింగ్ అదే ఊళ్లో ఒక గదిలో ఉన్నారు. ఆ గదికీ మైదానానికీ దూరం ఎంతో లేదు. నేతాజీ జైలు చూడడానికి కూడా వెళ్లారు. జపాన్ అధికారులు చూపించినంత మేరే ఆయన చూశారు. ఊరివాళ్లు ఒంటరిగా ఆయన దగ్గరకు చేరే దారి లేకుండా ఆ అధికారులే చుట్టూ నిలబడ్డారు.

జెండా ఎగిరి సరిగ్గా నెల. 1944 జనవరి 30. హంఫ్రీగంజ్ అనే చోట నలభైనాలుగు మందిని వేగులని కాల్చి చంపారు. వాళ్లలో చాలామంది ఇండిపెండెన్స్ లీగ్‌లో పనిచేసినవాళ్లు. ఆ జెండా తమదనుకున్నవాళ్లు.

ఆ తర్వాత నేతాజీ పెట్టిన ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున లోగనాథన్ పాలకుడిగా వచ్చారు. సైన్యం, పోలీసు, ఆహారం, న్యాయం ఏవీ జపాన్ ఆయనకు వదల్లేదు. చదువుల శాఖ ఒక్కటి ఇచ్చింది. బడులు నడపగలిగారు, బడికి వచ్చే పిల్లల తండ్రుల్ని కాపాడలేకపోయారు. కొన్ని నెలలకు వెళ్లిపోయారు.

మన మరపుకు కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. డిసెంబర్ 30ని గుర్తుపెట్టుకుంటే గర్వం. జనవరి 30ని తలుచుకుంటే ఆ గర్వానికి మచ్చ పడుతుందేమోనని భయం. అందుకే ఒక తేదీని పుస్తకంలో పెట్టి, రెండోదాన్ని సముద్రానికి వదిలేశాం. ఇంకొక కారణం కూడా ఉంది. బ్రిటిష్ వాడు చంపితే అమరుడు అంటాం. బ్రిటిష్ వాడికి శత్రువైనవాడు చంపితే ఏమనాలో మన భాషలో మాట సిద్ధంగా లేకపోయింది. ఆ నలభైనాలుగు మంది ఆ మాట కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు.

నేతాజీ మీద గౌరవం తగ్గకుండానే ఈ మాట చెప్పవచ్చు. ఒక దేశానికి స్వాతంత్ర్యం కావాలని ప్రాణం పెట్టినవాడి గౌరవం, ఆయన చూడలేకపోయిన గదిలో చనిపోయినవాడి పేరు తలుచుకుంటే తరిగిపోయేంత చిన్నది కాదు.

ఆకలి

1944, 1945 వచ్చేసరికి ఓడలు దాదాపు ఆగిపోయాయి. దీవుల మీద వేల మంది సైనికులు ఉన్నారు. ఉన్న బియ్యం సైన్యానికి. జనం కర్రపెండలం, చిలగడదుంప, అడవి దుంపలు, ఆకులు తిన్నారు. పండించిన కూరగాయల మీద కూడా సైన్యానికే ముందు హక్కు. దొంగతనానికి పెద్ద శిక్ష. రన్‌వేలు వెయ్యడానికి, సొరంగాలు తవ్వడానికి బలవంతపు చాకిరీ. అర్ధాకలితో రాళ్లు మోసిన ఆడవాళ్లూ మగవాళ్లూ ఉన్నారు.

కార్ నికోబార్‌లో కూడా విమానాశ్రయం కోసం నికోబారీలను అలాగే పనిలోకి దించారు. అక్కడ జాన్ రిచర్డ్‌సన్ అనే నికోబారీ క్రైస్తవ మతగురువు ఉన్నారు. తమ భాషలోకి బైబిలు తెచ్చిన మనిషి. ఆయన కొడుకును జపాన్ వాళ్లు చంపారు. ఆయన కూడా చావు అంచు దాకా వెళ్లి బతికారు. యుద్ధం తర్వాత ఆయన 1950లో బిషప్ అయ్యారు, 1952లో ఆ దీవుల తొలి ప్రతినిధిగా లోక్‌సభలో కూర్చున్నారు. దీవుల మాట దేశం చట్టసభలో మొదట పలికిన నోరు, ఆ ఆక్రమణలో కొడుకుని పోగొట్టుకున్న తండ్రిది.

చివరి ఘట్టం చెప్పడం కష్టం. మాస్టారు కూడా పిల్లలకు దీన్ని సగమే చెప్పేవారు. 1945 ఆగస్టు మొదటి సగంలో, జపాన్ చక్రవర్తి లొంగుబాటు ప్రకటనకు కొద్ది రోజుల ముందు, పనికిరారని తేల్చిన వందల మందిని పడవల్లో ఎక్కించారు. కొత్త దీవిలో సాగు చేసుకోవచ్చు, తిండికి లోటుండదు అని చెప్పారు. ముసలివాళ్లు, జబ్బువాళ్లు, తమ మూటలు తామే పట్టుకుని ఎక్కారు. హేవ్‌లాక్ దీవి ఒడ్డుకు ఇంకా దూరం ఉండగానే చీకట్లో సముద్రంలోకి తోసేశారు. చాలామంది మునిగిపోయారు. ఒడ్డుకు చేరినవాళ్లలో ఎక్కువమంది ఆకలితో పోయారు. రక్షించేవాళ్లు వచ్చేసరికి మిగిలినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఆగస్టు 15న లొంగుబాటు ప్రకటన వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో మాత్రం జపాన్ వైస్ అడ్మిరల్ హారా, బ్రిగేడియర్ సాలమన్స్ ముందు లొంగిపోయింది అక్టోబర్ 7న. అదే జిమ్‌ఖానా మైదానంలో. లోకానికి యుద్ధం అయిపోయాక యాభైమూడు రోజులు ఆ దీవుల్లో అవ్వలేదు. వెనక నేల లేకపోవడం అంటే ఇదీ. కష్టం ముందు వస్తుంది, సాయం అందరికంటే ఆఖర్న వస్తుంది.

తర్వాత సింగపూర్‌లో విచారణలు జరిగాయి, కొందరికి మరణశిక్షలు పడ్డాయి. ఖైదీల వలసను రద్దు చేశారు. వెళ్లాలనుకున్నవాళ్లు స్వస్థలాలకు వెళ్లారు.

లెక్క

మాస్టారి తీసివేతకు తిరిగి వస్తాను. 2,797 చనిపోయినవాళ్ల సంఖ్య కాదు. ఆ పదేళ్లలో విడుదలై వెళ్లిపోయినవాళ్లున్నారు, కొత్తగా వచ్చినవాళ్లున్నారు, పుట్టినవాళ్లున్నారు. మాస్టారికి ఆ సంగతి తెలుసు. మాకు తెలిసేలా చెప్పారు కూడా. ఆయన ఆ లెక్క వేసింది జవాబు కోసం కాదని ఇప్పుడు అనిపిస్తుంది. 1901 నుంచి 2011 దాకా ప్రతి పదేళ్లకూ ఆ దీవుల జనం పెరుగుతూనే వచ్చారు, ఆ ఒక్కసారి తప్ప. పెరుగుతున్న వరసలో ఒక చోట అంకె కిందికి దిగితే, అక్కడ ఆగి, ఎవరు లేరో అడగమని ఆయన మాకు నేర్పారు.

ఈ ప్రశ్న అడిగే బాధ్యత మనకు ఇంకొంచెం ఎక్కువ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక దేశ విభజన శరణార్థులతో, తీరాల నుంచి వెళ్లిన కూలీలతో, మత్స్యకారులతో ఆ దీవులు నిండాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మనవాళ్లు వేలల్లో వెళ్లారు. 2011 లెక్కల్లో అక్కడ వందకు పదమూడు మంది మాతృభాష తెలుగు. అంటే ఆ నేలలో మన పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ నేల కింద ఎవరున్నారో వాళ్లకు చెప్పాల్సింది మనమే.

కొన్నాళ్ల క్రితం నేను విశాఖ రేవులో ఓడెక్కి మూడు రోజులు ప్రయాణం చేసి వెళ్లాను. జైలుకి మిగిలిన మూడు రెక్కలూ చూశాను. రాస్ దీవి మీద చెట్ల వేళ్లు పట్టేసిన జపాన్ బంకర్లు చూశాను. తర్వాత ఆటో మాట్లాడుకుని హంఫ్రీగంజ్ వెళ్లాను. చిన్న స్మారకం, చుట్టూ పచ్చదనం. ఆటో నడిపిన కుర్రాడు పలాస వైపు మనిషి, అక్కడే పుట్టాడు. "ఇక్కడికి ఎక్కువమంది రారండి, బీచికి వెళ్తారు. ఇదేంటండీ?" అన్నాడు. చెప్పాను. జైలు ముందు ఎంతో మందిని దించాడట, ఈ నలభైనాలుగు మంది సంగతి ఎప్పుడూ వినలేదట. చెప్పులు వదిలి స్మారకం దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. కాసేపటికి వచ్చి, "మా అమ్మకి చెప్తానండి" అన్నాడు.

ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మీకొక విన్నపం. డిసెంబర్ 30 పాఠం చెప్పినప్పుడు జనవరి 30 కూడా చెప్పండి. దివాన్ సింగ్ పేరు చెప్పండి. జాన్ రిచర్డ్‌సన్ పేరు చెప్పండి. ఎయిర్‌గన్ పట్టుకున్న ఆ కుర్రాడి పేరు చెప్పండి. పేర్లు దొరకనివాళ్ల కోసం ఆ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి వేసి, ఎందుకు తగ్గారర్రా అని అడగండి. జవాబు పిల్లలు వెతుక్కుంటారు.

గంట కొట్టాక బల్ల తుడవడానికి ఎవరైనా లేస్తే, ఆ ఒక్క మూలా ఉండనీరా అని చెప్పండి.